పర్మిషన్ ఒకరిది, బిల్లు ఇంకొకరిది: పెన్సిల్వేనియా చార్టర్ స్కూళ్ల లెక్క

పెన్సిల్వేనియాలో సొంతిల్లు ఉన్నవాళ్లకు ఏటా వేసవిలో ఒక పన్ను బిల్లు విడిగా వస్తుంది. దాన్ని అందరూ స్కూల్ ట్యాక్స్ అంటారు. కౌంటీకి, మున్సిపాలిటీకి కట్టే పన్నుల కంటే చాలాచోట్ల ఇదే పెద్దది. పిల్లలు లేనివాళ్లూ కడతారు, పిల్లల్ని ప్రైవేటు బడికి పంపేవాళ్లూ కడతారు. ఆ డబ్బు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి చేరుతుంది. రాష్ట్రంలో అలాంటి డిస్ట్రిక్ట్‌లు 500 ఉన్నాయి. ప్రతి డిస్ట్రిక్ట్ తనంతట తానే ఒక స్థానిక ప్రభుత్వం. దాదాపు అన్నిచోట్లా ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న తొమ్మిదిమంది సభ్యుల బోర్డు దాన్ని నడుపుతుంది. వాళ్లకు జీతం ఉండదు. మన జిల్లా పరిషత్తుకు ఇళ్ల మీద నేరుగా పన్ను వేసి, ఆ డబ్బుతో టీచర్లకు తానే జీతాలిచ్చే అధికారం ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే దీని స్వరూపం అర్థమవుతుంది.

అయితే ఆ స్కూల్ ట్యాక్స్‌లో కొంత భాగం ఈ బోర్డు నడపని బడులకు కూడా వెళ్తుంది. అవే చార్టర్ స్కూళ్లు. ఎంత పంపాలో బోర్డు చేతుల్లో లేదు, చట్టం చెబుతుంది. అమెరికాలో చార్టర్ స్కూళ్ల మీద వాదన మొదలైతే అది చదువు బాగుందా లేదా, టీచర్ల యూనియన్లది తప్పా కార్పొరేట్ దాతలది తప్పా అన్న దగ్గరే తిరుగుతుంది. పెన్సిల్వేనియా అనుభవాన్ని దగ్గరగా చూస్తే చిక్కంతా లెక్కల పుస్తకంలో కనిపిస్తుంది. బడి పెట్టుకోమని అనుమతి ఇచ్చేవాళ్లు ఒకరు, దాని ఖర్చు మోసేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు ఏమవుతుందన్నదే ఇక్కడి కథ.

చార్టర్ స్కూల్ కూడా ప్రభుత్వ బడే. తల్లిదండ్రులు ఫీజు కట్టక్కర్లేదు. ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకోవడం సాధారణంగా కుదరదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. కాకపోతే దాన్ని ఎన్నికైన బోర్డు నడపదు. లాభాపేక్ష లేని ఒక సంస్థ, తన సొంత బోర్డుతో, కొన్నేళ్ల ఒప్పందం మీద నడుపుతుంది. ఆ ఒప్పందం పేరే చార్టర్. మాట మీద నిలబడకపోతే అనుమతి రద్దు చేయొచ్చు. ఈ ఆలోచనను 1988లో దేశం ముందు పెట్టినవారిలో ఆల్బర్ట్ షాంకర్ ముఖ్యుడు. ఆయన ఒక పెద్ద టీచర్ల యూనియన్‌కు అధ్యక్షుడు కావడం గమనించాల్సిన విషయం. టీచర్లు కొత్త పద్ధతులు ప్రయత్నించి చూసే చిన్న బడులుగా ఇవి ఉండాలని ఆయన కోరుకున్నారు. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో మొదటి చార్టర్ బడి తెరుచుకుంది. తర్వాత ఈ బడులు వెళ్లిన దారి చూసి షాంకరే విమర్శకుడయ్యారు. ఇప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 37 లక్షలమంది పిల్లలు చార్టర్లలో చదువుతున్నారు. ప్రభుత్వ బడుల పిల్లల్లో వందకు ఏడుగురు అనుకోవచ్చు.

పెన్సిల్వేనియా చట్టం 1997లో, టామ్ రిడ్జ్ గవర్నరుగా ఉన్నప్పుడు వచ్చింది. మామూలు చార్టర్ బడికి అనుమతి స్థానిక స్కూల్ బోర్డు ఇవ్వాలి. బోర్డు కాదంటే రాష్ట్ర స్థాయిలో ఉన్న అప్పీల్ బోర్డుకు వెళ్లొచ్చు, అక్కడ నిర్ణయం తిరగబడవచ్చు. ఇక డబ్బు సంగతి. పిల్లవాడు ఏ డిస్ట్రిక్ట్‌లో నివసిస్తున్నాడో ఆ డిస్ట్రిక్ట్ తన పిల్లల మీద తలకు ఎంత ఖర్చు పెడుతోందో లెక్కగట్టి, బస్సులు, అప్పుల వాయిదాలు లాంటి కొన్ని ఖర్చులు తీసేసి, మిగిలిన మొత్తాన్ని చార్టర్‌కు ఫీజుగా కట్టాలి. కట్టకపోతే రాష్ట్రమే ఆ డిస్ట్రిక్ట్‌కు రావాల్సిన గ్రాంటులోంచి కోసి చార్టర్‌కు ఇచ్చేస్తుంది.

పైకి చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. పిల్లవాడు వెళ్లాడు, వాడి ఖర్చు కూడా వెళ్లింది. కానీ బడి ఖర్చు తలల లెక్కన తగ్గదు. ఒక డిస్ట్రిక్ట్ నుంచి ఒక ఏడాది వందమంది పిల్లలు చార్టర్‌కు వెళ్లారనుకుందాం. వాళ్లంతా ఒకే తరగతి నుంచి వెళ్లరు. ఐదు బడుల్లో, బడికి ఆరు తరగతుల చొప్పున 30 తరగతి గదుల నుంచి ముగ్గురో నలుగురో వెళ్తారు. 25 మంది ఉన్న తరగతిలో 21 లేదా 22 మంది మిగులుతారు. టీచర్ ఉండాల్సిందే. బస్సు అదే రూట్లో తిరగాల్సిందే. చలికాలంలో భవనమంతా హీటింగ్ నడవాల్సిందే. రిటైరైనవాళ్ల పెన్షన్ వాటా ఒక్క డాలరు కూడా తగ్గదు. వందమంది మీద వచ్చే ఆదాయం మొత్తం పోతుంది, ఖర్చు మాత్రం అందులో కొంతే తగ్గుతుంది. మిగిలిన తేడాను డిస్ట్రిక్ట్‌లోనే ఉన్న పిల్లలు మోస్తారు: సంగీతం టీచర్ పోస్టు పోతుంది, లైబ్రరీ మూతపడుతుంది, తరగతులు కలిపేస్తారు. దీనికి ఇంకో కోణం కూడా ఉంది. అంతకుముందు ప్రైవేటు బడిలోనో ఇంట్లోనో చదువుకుంటూ డిస్ట్రిక్ట్‌కు ఏ ఖర్చూ లేని పిల్లవాడు చార్టర్‌లో చేరితే, ఆ రోజు నుంచి వాడి ఫీజు కూడా డిస్ట్రిక్ట్ నెత్తినే పడుతుంది. ఇక్కడ తగ్గే ఖర్చే లేదు, పూర్తిగా కొత్త భారం.

చట్టం చేసినవాళ్లకు ఇది తెలియక కాదు. కొన్నేళ్లపాటు డిస్ట్రిక్ట్‌లు కట్టిన చార్టర్ ఫీజులో కొంత భాగాన్ని రాష్ట్రం తిరిగి ఇచ్చేది. 2011లో, టామ్ కార్బెట్ గవర్నరుగా వచ్చిన మొదటి బడ్జెట్‌లో ఆ పద్దు మొత్తం ఎత్తేశారు. ఏడాదికి 20 కోట్ల డాలర్లకు పైబడిన సాయం ఒక్క దెబ్బతో పోయింది. ఎక్కువ దెబ్బ ఫిలడెల్ఫియాకు తగిలింది, ఎందుకంటే చార్టర్ పిల్లలు ఎక్కువమంది ఉన్నది అక్కడే. నగరంలో ప్రభుత్వ ఖర్చుతో చదివే పిల్లల్లో ఇప్పుడు దాదాపు మూడో వంతు చార్టర్లలో ఉన్నారు. ఆ డిస్ట్రిక్ట్‌కు తనంతట తాను పన్ను వేసుకునే అధికారం కూడా లేదు, నగర కౌన్సిల్‌ను అడగాలి. 2013లో అక్కడ 20కి పైగా బడులు మూసేశారు. మూతకు చార్టర్లు ఒక్కటే కారణం కాదు; జనాభా తగ్గింది, రాష్ట్రం కోతలు పెట్టింది, భవనాలు పాతబడ్డాయి. కానీ సగం ఖాళీ అయిన భవనాల్లో పిల్లలు ఎటు వెళ్లారంటే, చాలామంది రెండు వీధుల అవతలి చార్టర్‌కు.

పన్ను పెంచుకోవచ్చు కదా అంటే, 2006 నాటి ఒక చట్టం అడ్డం ఉంది. రాష్ట్రం ఏటా ప్రకటించే సూచీ శాతాన్ని దాటి స్కూల్ ట్యాక్స్ పెంచాలంటే ఓటర్ల ఆమోదం తీసుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, పెన్షన్ల లాంటి కొన్ని ఖర్చులకు మినహాయింపు ఉంది. చార్టర్ ఫీజుకు లేదు.

అనుమతి ఒకరిది, బిల్లు ఇంకొకరిది అన్న చిక్కు పూర్తి రూపంలో కనిపించేది సైబర్ చార్టర్లలో, అంటే ఆన్‌లైన్‌లో నడిచే చార్టర్ బడుల్లో. ఈ గొడవ మొదలు ఒహాయో సరిహద్దు దగ్గర మిడ్‌ల్యాండ్ అనే చిన్న ఉక్కు పట్టణంలో ఉంది. ఉక్కు పరిశ్రమ కుప్పకూలాక ఆ ఊరికి హైస్కూలే లేకుండా పోయింది. పక్కనున్న డిస్ట్రిక్ట్‌లు తీసుకోకపోవడంతో అక్కడి పిల్లలు ఏళ్ల తరబడి రాష్ట్రం దాటి ఒహాయోలో హైస్కూలుకు వెళ్లారు. 2000లో ఆ చిన్న డిస్ట్రిక్ట్ ఒక ఆన్‌లైన్ చార్టర్ బడి పెట్టింది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు కాబట్టి రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు చేరారు. ఎన్నడూ మిడ్‌ల్యాండ్ పేరు వినని డిస్ట్రిక్ట్‌లకు అక్కడి నుంచి బిల్లులు వచ్చాయి. మేం అనుమతి ఇవ్వని బడికి మేమెందుకు కట్టాలని చాలా బోర్డులు చెల్లింపు ఆపేసి కోర్టుకెక్కాయి. 2002లో శాసనసభ ఒక పరిష్కారం చెప్పింది: సైబర్ చార్టర్లకు అనుమతి ఇచ్చే అధికారం ఇకపై రాష్ట్ర విద్యాశాఖది. ఫీజు కట్టే బాధ్యత మాత్రం యథాప్రకారం డిస్ట్రిక్ట్‌దే. అంటే అప్పటివరకూ ఒక ఊరి బోర్డు చేస్తున్న పనిని రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది, బిల్లును మాత్రం వదిలేసింది. ఆ రోజే బిల్లు కూడా రాష్ట్రం తీసుకుని ఉంటే తర్వాతి ఇరవై ఏళ్ల గొడవలో సగం ఉండేది కాదు. ఊరికి హైస్కూలు లేని లోటు తీర్చడానికి పుట్టిన ఆ బడి వ్యవస్థాపకుడికి చివరికి పన్నుల మోసం కుట్ర కేసులో 2018లో 20 నెలల జైలు శిక్ష పడింది.

సైబర్ చార్టర్‌కు తరగతి గదులు, బస్సులు, వంటశాలలు అక్కర్లేదు. అయినా ఇటీవలి సవరణల దాకా ఫీజు లెక్క మామూలు చార్టర్ లెక్కే. పైగా ఒకే ఆన్‌లైన్ తరగతిలో కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకడి డిస్ట్రిక్ట్ 10 వేల డాలర్ల లోపు కడితే, ఇంకొకడి డిస్ట్రిక్ట్ 20 వేలకు పైగా కట్టొచ్చు. పాఠం ఒకటే, టీచర్ ఒకరే, ధర మాత్రం పిల్లవాడి ఇంటి అడ్రసును బట్టి. కోవిడ్ వచ్చిన ఏడాది సైబర్ చార్టర్ పిల్లల సంఖ్య సుమారు 38 వేల నుంచి 60 వేలకు పైగా పెరిగింది. రాష్ట్ర ఆడిటర్ జనరల్ తిమోతీ డిఫోర్ 2025లో ఐదు సైబర్ చార్టర్ల పద్దులు తనిఖీ చేసి చెప్పిన అంకెలు చూడండి: 2020లో 47.3 కోట్ల డాలర్లున్న వాటి ఆదాయం 2023 నాటికి 89.8 కోట్లకు పెరిగింది. ఖర్చు చేయకుండా మిగుల్చుకున్న నిల్వలు 25.4 కోట్ల నుంచి 61.9 కోట్లకు చేరాయి. డిఫోర్ రిపబ్లికన్. అంతకుముందు ఆ పదవిలో ఉన్న డెమొక్రాట్ యూజీన్ డీపాస్క్వాలే అయితే దేశంలోకెల్లా అధ్వాన్నమైన చార్టర్ చట్టం ఇదేనని 2016లోనే అన్నారు. రెండు పార్టీల ఆడిటర్లూ ఒకే చోట వేలు పెట్టి చూపించినప్పుడు దాన్ని రాజకీయం అని కొట్టిపారేయడం కష్టం.

పోనీ పిల్లలు బాగా నేర్చుకుంటున్నారా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల 2023 దేశవ్యాప్త అధ్యయనంలో చార్టర్ పిల్లలు పోల్చదగిన మామూలు ప్రభుత్వ బడి పిల్లల కంటే ఏడాదికి చదవడంలో 16 రోజుల, లెక్కల్లో 6 రోజుల చదువు ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. అదే అధ్యయనంలో ఆన్‌లైన్ చార్టర్ల పిల్లలు చదవడంలో 58 రోజులు, లెక్కల్లో 124 రోజులు వెనకబడ్డారు. అనారోగ్యం వల్లనో, బడిలో వేధింపుల వల్లనో ఇల్లు కదల్లేని పిల్లలకు సైబర్ బడి నిజంగా ఆసరా అవుతుంది, ఆ అవసరాన్ని తీసిపారేయకూడదు. కానీ లెక్కల్లో అన్ని రోజుల నష్టం తెచ్చే పద్ధతికి భవనాల్లో నడిచే బడితో సమానమైన ధర కట్టడాన్ని సమర్థించే వాదన ఒక్కటీ కనిపించదు.

ఇక ప్రత్యేక అవసరాలున్న పిల్లల లెక్క మరీ దారుణం. మామూలు చార్టర్ల విషయంలో, డిస్ట్రిక్ట్‌లో నిజంగా ఎంతమంది అలాంటి పిల్లలున్నా, వందకు 16 మందే ఉన్నట్టు భావించి ఖర్చును ఆ సంఖ్యతో భాగిస్తారు. అలాంటి పిల్లలు ఎక్కువగా ఉన్న పేద డిస్ట్రిక్ట్‌లో ఈ భాగహారం తలసరి ఖర్చును ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది. పైగా వారానికి కాసేపు మాట సరిచేసే థెరపీ కావాల్సిన పిల్లకూ, రోజంతా పక్కన సహాయకురాలు ఉండాల్సిన పిల్లకూ చార్టర్‌కు వెళ్లే మొత్తం ఒకటే. తేలికపాటి అవసరాలున్న పిల్లల్ని చేర్చుకుంటే చార్టర్‌కు డబ్బు మిగులుతుంది, ఖరీదైన అవసరాలున్న పిల్లలు డిస్ట్రిక్ట్‌లోనే మిగిలిపోతారు.

ఫిలడెల్ఫియాకు దక్షిణాన డెలావేర్ నది ఒడ్డునున్న చెస్టర్ పట్టణంలో ఈ లెక్క ఎంతదాకా పోయిందంటే, అక్కడి చెస్టర్ అప్‌ల్యాండ్ డిస్ట్రిక్ట్ 2015లో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో చార్టర్ పిల్లవాడికి ఏడాదికి సుమారు 40 వేల డాలర్లు కడుతోంది. ఆ వేసవిలో ఖజానా ఖాళీ అయింది. బడులు తెరిచే ముందు టీచర్లు సమావేశమై, జీతం రాకపోయినా పాఠాలు చెబుతామని ఓటేశారు. ఆ మొత్తాన్ని తగ్గించమని గవర్నర్ టామ్ వోల్ఫ్ ప్రభుత్వం కోర్టును అడిగితే న్యాయమూర్తి ఒప్పుకోలేదు, తర్వాత చార్టర్లతో బేరసారాల్లో కొంత తగ్గింది. పేద డిస్ట్రిక్ట్‌లో టీచర్లు ఉచితంగా పనిచేయడానికి సిద్ధపడాల్సి వచ్చిందంటే, ఆ చట్టాన్ని ఆ సాయంత్రమే సవరించాల్సింది. సవరించలేదు.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఒక ఊరు కూడా ఈ జాబితాలో ఉంది. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడి ఉన్న పెన్ హిల్స్ డిస్ట్రిక్ట్‌ను 2019లో రాష్ట్రం ఆర్థికంగా కోలుకోవాల్సినవాటి జాబితాలో చేర్చింది. అక్కడ మొదటి తప్పు స్థానిక బోర్డులదే, కొత్త భవనాలకు తలకు మించిన అప్పు చేశారు. ఆ అప్పు మీద ఏటా పెరిగే చార్టర్ బిల్లు తోడైంది. అన్ని కష్టాలకూ చార్టర్లనే బాధ్యుల్ని చేస్తే పెన్ హిల్స్‌లో జరిగిన తప్పు కనపడకుండా పోతుంది.

చార్టర్ల వాదనా వినాలి. ఈ డబ్బు డిస్ట్రిక్ట్‌ది కాదు, పిల్లవాడి చదువుది అంటారు వాళ్లు. ఫిలడెల్ఫియాలో పాత బడి భవనాల్లో ఆస్‌బెస్టాస్, సీసం బయటపడి బడులు మూసిన రోజులున్నాయి. ఆ పరిసరాల్లో ఉండే నల్లజాతి తల్లిదండ్రులకు మంచి డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనుక్కునే స్తోమత లేదు. తెలుగు ఐటీ కుటుంబాలు ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ చూసి శివారుకు వెళ్లగలుగుతున్నాయి. అదే ఎంపిక డబ్బు లేనివాళ్లకు చార్టర్ లాటరీ రూపంలో దొరుకుతుంది. బోస్టన్‌లో లాటరీలో సీటు వచ్చిన పిల్లల్ని, రాని పిల్లల్ని పోల్చి చేసిన అధ్యయనాల్లో అక్కడి చార్టర్లు పెద్ద తేడానే చూపించాయి. ఒక తల్లి తన బిడ్డ కోసం ఆ దారి పట్టడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆమె బిడ్డ వెళ్లిన దారి ఖర్చును పక్కింటి బిడ్డ తరగతి గదిలోంచి వసూలు చేయాల్సిన అవసరం లేదు. డిస్ట్రిక్ట్ సర్దుకునేదాకా ఆ ఖర్చును చట్టం చేసిన రాష్ట్రం భరించవచ్చు.

మసాచుసెట్స్ అదే చేసింది, కనీసం కాగితం మీద. అక్కడ పిల్లలు చార్టర్‌కు వెళ్లినప్పుడు డిస్ట్రిక్ట్‌కు కొన్నేళ్లపాటు రాష్ట్రం నష్టపరిహారం ఇస్తుంది. చాలా బడ్జెట్లలో ఆ పద్దుకు పూర్తి డబ్బు కేటాయించలేదు. 2016లో ఏడాదికి 12 కొత్త చార్టర్లకు దారి తెరిచే ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చినప్పుడు 62 శాతం మంది వద్దన్నారు. తమ బడి డబ్బు పోతుందన్న భయమే ప్రచారమంతా నడిపింది. 2019లో కొత్త చట్టం పరిహారాన్ని మూడేళ్లకు, 100, 60, 40 శాతాలుగా మార్చింది. కాలిఫోర్నియాలో అయితే కొత్త చార్టర్ వల్ల తమ బడ్జెట్ దెబ్బతింటుందన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించే అధికారం డిస్ట్రిక్ట్‌లకు 2019 దాకా లేదు. చార్టర్ల వల్ల ఓక్‌ల్యాండ్ డిస్ట్రిక్ట్‌కు ఏటా 5.73 కోట్ల డాలర్ల భారం పడుతోందని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. 2019 మొదట్లో లాస్ ఏంజలెస్‌లో, ఓక్‌ల్యాండ్‌లో టీచర్లు సమ్మెకు దిగాక ఆ ఏడాదే చట్టం మారింది.

తెలుగు రాష్ట్రాల్లో చార్టర్లు లేవు. కొంత దగ్గరగా ఉన్నది విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్ల నిబంధన. పేద పిల్లల్ని చేర్చుకున్న ప్రైవేటు బడికి, ప్రభుత్వం తన బడిలో తలకు పెట్టే ఖర్చు, ఆ బడి వసూలు చేసే ఫీజు, రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లించాలి. ఆ బిల్లు రాష్ట్రానిది, మండల పరిషత్తుది కాదు. ఆ మేరకు ఇక్కడి చట్టం నయం. అయితే పిల్లలు తగ్గిన ఊరి బడిలో ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడపాల్సి రావడం ఇక్కడా ఉంది. రేషనలైజేషన్ పేరుతో పోస్టులు కదిలినప్పుడు నష్టపోయేది, వెళ్లడానికి వేరే దారి లేక అదే బడిలో మిగిలిన పిల్లలే.

పెన్సిల్వేనియాలో కదలిక లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో అక్కడి కామన్‌వెల్త్ కోర్టు రాష్ట్రం బడులకు నిధులిచ్చే తీరు మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. స్థానిక ఆస్తి పన్ను మీద అతిగా ఆధారపడటం వల్ల పేద డిస్ట్రిక్ట్‌ల పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది దాని సారాంశం. 2024లో గవర్నర్ జోష్ షాపిరో సైబర్ చార్టర్లన్నిటికీ పిల్లవాడికి 8 వేల డాలర్ల ఒకే ఫీజు పెడదామన్నారు. శాసనసభ అంతదూరం వెళ్లలేదు, సైబర్ ఖర్చులో డిస్ట్రిక్ట్‌లకు 10 కోట్ల డాలర్లు తిరిగిచ్చింది. 2025 నవంబరులో, గడువు దాటిన నాలుగు నెలల తర్వాత ఆమోదం పొందిన బడ్జెట్‌లో సైబర్ ఫీజు లెక్కలోనూ కొన్ని సవరణలు వచ్చాయి. అనుమతి రాష్ట్రానిది, బిల్లు డిస్ట్రిక్ట్‌ది అన్న ఏర్పాటు మాత్రం అలాగే ఉంది.

రాష్ట్రం ఎంత ఆలస్యం చేసినా డిస్ట్రిక్ట్ బోర్డుకు ఆ వెసులుబాటు లేదు. జూన్ 30 లోగా తన బడ్జెట్ ఆమోదించి తీరాలి. రాష్ట్రం నుంచి ఎంత వస్తుందో అప్పటికి తేలకపోవచ్చు. సెప్టెంబరు నుంచి ఎంతమంది పిల్లలు సైబర్ చార్టర్‌లో చేరతారో ఎవరూ చెప్పలేరు. చార్టర్ ఫీజు పద్దులో ఊహించి ఒక అంకె వేస్తారు. తక్కువ వేస్తే చలికాలం నాటికి నిల్వల్లోంచి తీయాలి. ఎక్కువ వేస్తే ఆ ఏడాది ఒక టీచర్ పోస్టు భర్తీ చేయకుండా వదిలేసినట్టే.